రెండుకీ తొమ్మిదికీ మధ్య

కాస్ట్రోలో వాన పడని రోజును జనం
తేదీతో సహా గుర్తుపెట్టుకుంటారు.
చిలీకి దక్షిణాన ఆ దీవిలోకి
నేను తొమ్మిది అంకెలు మోసుకెళ్ళాను.
చుట్టూ వలయం, లోపల గీతలు,
ఒక్కో మొనకు ఒక్కో మనిషి తీరు.
చర్చి వెనక గదిలో నల్లబల్ల చెమ్మగిల్లి
సుద్దముక్క అరిగేది కాదు, కరిగేది.

పాఠానికి వచ్చిన పదిహేనుమందిలో
బార్రియా అక్కచెల్లెళ్ళు ఇద్దరు,
రెమీహియా, ఎదెల్‌మీరా.
నీళ్ళలో గుంజల మీద నిలబడ్డ ఇంట్లో
బస నడుపుతారు. నేనూ అక్కడే దిగాను.
ఇద్దరికీ ఒకే అంకె రాసిచ్చాను: రెండు.
పెట్టడమే తెలిసిన చేతులు,
కాదనడం నేర్వని నోళ్ళు,
ఇంకేం చూడాలి?
అంత త్వరగా తేల్చేసినందుకు
నన్ను చూసి నేనే ముచ్చటపడ్డాను కూడా.
(నాది ఐదు. కిటికీలోంచి చూసి
రాసుకోవడం నా జబ్బు.)

జూలై, అక్కడ నడిచలికాలం. ఓడలు ఆగిపోయాయి.
తడిసి ముద్దయిన పదకొండుమంది
ఆ మెట్లెక్కారు, ఒక పసివాడితో, ఒక కుక్కతో.
అక్కచెల్లెళ్ళు తమ ఉన్ని దుప్పట్లు తీసిచ్చేశారు.
కుర్చీల్లోనే తెల్లవార్చారు.
ఇక్కడిదాకా నా అంకె గెలిచినట్టే.

పొద్దున్న రెమీహియా
తన దుప్పటి కప్పుకున్నాయన దగ్గరికి వెళ్ళింది.
"వెచ్చగా పట్టిందా నిద్ర?"
పట్టిందన్నాడు.
రొట్టె తెచ్చి మళ్ళీ అడిగింది.
పట్టిందమ్మా అన్నాడు.
మూడోసారి అడగలేదు, ఊరికే నిలబడింది.
జీడిపాకంలా సాగిన ఆ మౌనంలో
ఆమె చూపు చిన్న గాలం.
ఆయన పంచదార కలుపుకుంటూ తలెత్తలేదు.
వంటింట్లో ఒక పళ్ళెం
ఉండాల్సినదానికన్నా గట్టిగా దిగింది బల్ల మీద.

ఎదెల్‌మీరా పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటోంది.
"నీ దుప్పటేదీ?" అన్నాను.
చుట్టూ చూసింది, తన భుజాలు చూసుకుంది,
"నాకొకటి ఉండేది కదూ" అంది,
ఎవరో మర్చిపోయిన గొడుగు గురించి చెప్పినట్టు.

అక్కడ దొరికింది కొస. ఇక వదల్లేదు.
ఏం తింటావని అక్కనడిగితే
"నాకేం వద్దు" అని నా పళ్ళెంలోకి చూస్తుంది.
నాకేం కావాలో నాకన్నా ముందు తనకు తెలుసు.
తనకేం కావాలో కూడా తెలుసు,
అది నేను కనిపెట్టాలి, అంతే.
చెల్లెల్ని అడిగితే
గిన్నెలోకి చూస్తుంది చాలాసేపు,
పొగమంచులో పడవ ఎక్కడ కట్టానా అని
వెతుక్కునే బెస్తవాడిలా.
దొరకదు.
"నీకేదైతే నాకూ అదే" అంటుంది.
అది మర్యాద కాదు. నిజంగానే ఎక్కడో తాడు తెగింది.

కోపం సంగతి మరీ విడ్డూరం.
అక్కది పాలపొంగు.
"ఇంత చేస్తే నాకు మిగిలిందేమిటి!" అని పొర్లి,
తనే గుడ్డ తెచ్చి తుడిచేసుకుంటుంది.
చెల్లెలికి కోపమే లేదనుకున్నాను ఆగస్టు దాకా.
దుంపల గది తాళంచెవి
నెలన్నరగా కనపడటం లేదని అప్పుడు విన్నాను.
ఎదెల్‌మీరా చిరునవ్వుతో రోజూ వెతికిపెడుతోంది.
ఆమె నడిచినప్పుడల్లా
ఏప్రన్ జేబులో అది మోగుతూనే ఉంది.

చివరి రోజు నల్లబల్ల తుడిచి ఒప్పుకున్నాను:
మీలో ఒకరికి అంకె తప్పు రాశాను.
రెమీహియా ముందుకు వంగింది,
"నీకే అంకె మనిషి అవసరమో చెప్పు, అదే అవుతాను."
ఎదెల్‌మీరా కిటికీ వైపు చూస్తూ,
"అందరికీ పంచాక మిగిలింది ఇవ్వు."
అరచేతికి అంటిన సుద్ద
ఎంత దులిపినా పోలేదు.

ఆ రాత్రి దుంపలు ఉడికాయి.
ఊదావి, ఎర్రవి, పసుపువి, ఒక్క కుండలో.
"ఉప్పు సరిపోయిందా?" అక్క నన్నడుగుతూ
చెల్లెలి గిన్నెలో ఎప్పటిలా ఊదావి వేసింది.
ఎదెల్‌మీరా గిన్నెలోకి చూసింది చాలాసేపు.
"నాకు పసుపువి ఇష్టం" అంది,
అని, తనే ఉలిక్కిపడింది.

యాభై ఏళ్ళుగా ఊదావే వడ్డిస్తున్న రెమీహియా,
ఈ దీవిలో ఎవరికేది రుచో
నిద్రలో లేపి అడిగినా చెప్పగల రెమీహియా,
గరిటె గాల్లోనే పట్టుకుని ఉండిపోయింది.